తెలుగు ఆడియో కథల యాప్‌ను కారు డ్యాష్‌బోర్డు మీదికి తేవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ తెలుగు ఆడియో కథల యాప్ ప్లే స్టోర్‌లోనూ యాప్ స్టోర్‌లోనూ ఇప్పటికే ఉంది. చాలామంది శ్రోతలు కారులో వెళ్తూ బ్లూటూత్ ద్వారా వింటున్నారు. కానీ డ్యాష్‌బోర్డు స్క్రీన్ మీద మీ యాప్ బొమ్మే కనిపించడం లేదు. దీనికోసం వేరే యాప్ రాయాలా, కారు కంపెనీలతో మాట్లాడాలా, ఎక్కడ అప్‌లోడ్ చేయాలి, యాప్‌లో ఉన్న వీడియోలు కూడా కారులో వస్తాయా అని అడిగారు.

సూటిగా చెబితే: వేరే యాప్ అక్కర్లేదు. కారు కంపెనీల అనుమతి కూడా అక్కర్లేదు. ఇప్పుడున్న ఆండ్రాయిడ్ యాప్‌లోనే కారు కోసం ఒక మీడియా సర్వీసు (తెర లేకుండా వెనక నడుస్తూ కథలు అందించే భాగం) రాసి, ప్లే కన్సోల్‌లో (ప్లే స్టోర్‌కు యాప్‌లు పంపే గూగుల్ సైట్) ఆండ్రాయిడ్ ఆటోకు, అంటే ఆండ్రాయిడ్ ఫోన్ యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపే గూగుల్ ఏర్పాటుకు, సమ్మతి తెలిపి, మామూలు అప్‌డేట్‌లాగే పంపాలి. గూగుల్ వాళ్లు దాన్ని కార్ల నాణ్యత నియమాల ప్రకారం అదనంగా పరీక్షిస్తారు. ఐఫోన్ వైపు అయితే కోడ్ మొదలుపెట్టే రోజే ఆపిల్‌కు కార్‌ప్లే (ఐఫోన్ యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపే ఏర్పాటు) ఎన్‌టైటిల్‌మెంట్, అంటే ప్రత్యేక అనుమతి, కోసం దరఖాస్తు పెట్టండి. అది మంజూరైతేనే స్టోర్‌కు పంపగలరు. కారు కోసం రెండు చోట్లా విడిగా ఫీజు లేదు. ఇక వీడియోల మాట: బండి కదులుతుండగా అవి రావు, రాకూడదు కూడా. దాని గురించి చివర్లో చెబుతాను.

ఫోన్ యాప్‌లను కార్లలోకి తెచ్చే పని నేను కొన్నేళ్లుగా చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది మొదటి ప్రశ్నగా స్క్రీన్ డిజైన్ గురించే అడుగుతారు. అసలు కష్టం అక్కడ లేదు. కారు స్క్రీన్ మీద కనిపించేది మీరు గీసిన బొమ్మ కాదు. కథల జాబితా, ముఖచిత్రం, శీర్షిక, ఆడియో మీరు అందిస్తారు. వాటిని ఎక్కడ, ఎంత పెద్ద అక్షరాల్లో, ఎన్ని వరుసల్లో చూపాలో అవతలి వ్యవస్థ నిర్ణయిస్తుంది. వంట మీది, వడ్డన వాళ్లది. నడిపేవారి కళ్లు రోడ్డు మీద ఉండాలన్న ఒక్క కారణంతోనే ఈ ఏర్పాటు ఇలా ఉంది. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మీ శ్రమలో ముప్పాతిక భాగం కథలను సరిగా అమర్చి పెట్టడానికే పోవాలి.

ముందు ఏ స్క్రీన్ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఈ విషయంలో గందరగోళం చాలా ఉంది.

ఆండ్రాయిడ్ ఆటో 2015లో, కార్‌ప్లే 2014లో వచ్చాయి. ఈ రెండింటిలోనూ యాప్ నడిచేది ఫోన్‌లోనే. కారు స్క్రీన్ దానికి తెర మాత్రమే. ఫోన్ తీసేస్తే యాప్ కూడా పోతుంది. ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ అనేది పేరు దగ్గరగా ఉన్నా వేరే సంగతి. అది కారులోనే ఉండే ఆపరేటింగ్ సిస్టమ్. 2020లో పోల్‌స్టార్ 2 అనే కారుతో మొదలైంది. అందులో యాప్‌ను కారులోనే ఇన్‌స్టాల్ చేసుకుంటారు, ఫోన్‌తో పని లేదు. ఇక నాలుగో రకం మన దగ్గర బాగా కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో బిగించి ఇచ్చే ‘ఆండ్రాయిడ్ స్టీరియో’లు. వాటిలో చాలావరకు మామూలు ఆండ్రాయిడ్ నడిచే ట్యాబ్లెట్లే. వాటిలో మీ ఫోన్ యాప్ ఉన్నది ఉన్నట్టే తెరుచుకుంటుంది, మీరు రాయబోయే కారు భాగం అక్కడ పనికి రాకపోవచ్చు. అందుకే శ్రోత ఎవరైనా ‘కారులో మీ యాప్ రావడం లేదు’ అని రాస్తే, సమాధానం ఇచ్చే ముందు స్క్రీన్ ఏ రకమో అడగండి. సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి.

రెండో నిర్ణయం: మీ యాప్ ఏ వర్గంలోకి వస్తుంది? ప్రతి యాప్‌నూ కారులోకి రానివ్వరు. గూగుల్ వైపు ఆడియో, మెసేజింగ్, నావిగేషన్, పార్కింగ్ చోట్లూ చార్జింగ్ కేంద్రాలూ వెతికే యాప్‌లు, వాతావరణం వంటి కొన్ని వర్గాలే ఉన్నాయి. ఆపిల్ వైపు ఆడియో, కమ్యూనికేషన్, నావిగేషన్, పార్కింగ్, విద్యుత్ వాహనాల చార్జింగ్, ఆహారం ఆర్డరు చేయడం వంటివి. ఇంధనం నింపుకోవడానికి, డ్రైవింగ్‌కు సంబంధించిన చిన్న పనులకు 2022లో ఐఫోన్ల ఐఓఎస్ 16తో వర్గాలు తోడయ్యాయి. మీది ఆడియో, కాబట్టి అన్నిటికన్నా సాఫీ దారి మీదే. షాపింగ్ యాప్‌ను, చిట్‌ఫండ్ యాప్‌ను తెచ్చి కారులో పెట్టమని అడిగేవారికి నేను మొదటి రోజే ‘కుదరదు’ అని చెప్పేస్తాను. ఏదో ఒక వర్గం పేరు చెప్పి లోపలికి దూరుదామంటే పరీక్షలో ఆగిపోతుంది.

ఇక ఆండ్రాయిడ్ పని. మ్యానిఫెస్ట్ ఫైలులో (యాప్ వివరాలను వ్యవస్థకు ప్రకటించే ఫైలు), కారు వివరాలుండే ఒక చిన్న ఎక్స్ఎంఎల్ ఫైలును చూపే మెటాడేటా వరుస రాయాలి. ఆ ఎక్స్ఎంఎల్‌లో ‘మీడియా’ వాడతానని ఒక్క వరుస చాలు. తర్వాత పైన చెప్పిన మీడియా సర్వీసును, అంటే మీడియా లైబ్రరీ సర్వీస్‌ను, రాయాలి. ఇప్పుడు కొత్తగా రాసేవారు గూగుల్ వారి మీడియా3 లైబ్రరీతో రాయడం మేలు. మీది ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ యాప్ రాసే సాధనం) యాప్ అయినా భయపడనక్కర్లేదు. ఆడియో సర్వీస్ ప్యాకేజీ ఈ పనికి అవసరమైన తలుపు తెరిచే ఉంచుతుంది. ఫ్లట్టర్‌లో మీరు అందంగా గీసుకున్న తెరలు మాత్రం కారులోకి రావు.

కారు మిమ్మల్ని అడిగేది ఒక చెట్టు. మొదలు నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు, చివర కథ. మొదటి వరుసలో సాధారణంగా 4 ట్యాబులకు మించి చోటు ఉండదు. ఫోన్‌లో మీకు పది విభాగాలు ఉండవచ్చు. కారుకు ‘విన్నచోటు నుంచి’, ‘డౌన్‌లోడ్ చేసినవి’, ‘కొత్తవి’, ‘విభాగాలు’ చాలు. బండి నడిపే మనిషి కొత్త కథల కోసం వెతుక్కోడు. నిన్న ఆపిన చోటు నుంచి వినాలనుకుంటాడు. అందుకే ‘విన్నచోటు నుంచి’ మొదటి ట్యాబుగా ఉండాలని నేను పట్టుబడతాను. కారు స్టార్ట్ కాగానే వ్యవస్థ మీ యాప్‌ను ‘ఆడించు’ అని ఏ కథ పేరూ చెప్పకుండా అడగవచ్చు. అప్పుడు చివరగా విన్న కథను, ఆపిన సెకను నుంచి తిరిగి ఇవ్వగలగాలి. మీడియా3లో దీనికి ప్లేబ్యాక్ రిజంప్షన్ అనే కాల్‌బ్యాక్ (వ్యవస్థ పిలిస్తే నడిచే కోడ్) ఉంది.

అన్నిటికన్నా ఎక్కువమంది చిక్కుకునే చోటు ఒకటుంది, కాస్త వివరంగా చెబుతాను. ఒక భక్తి సంగీతం యాప్ వాళ్లు నా దగ్గరికి వచ్చారు. వాళ్ల డెవలపర్ బల్ల మీద అంతా చక్కగా పనిచేస్తోంది. కారులో మాత్రం జాబితా ఖాళీ. ఫోన్‌లో యాప్ ఒకసారి తెరిచి మూస్తే జాబితా ప్రత్యక్షం. కారణం ఇది: ఆండ్రాయిడ్ ఆటో మీ యాప్ మొదటి తెరను అసలు తెరవదు, నేరుగా సర్వీసును పిలుస్తుంది. వాళ్లు లాగిన్ టోకెన్ (లాగిన్ అయ్యారనడానికి ఫోన్‌లో దాచే గుర్తు) చదవడం, డేటాబేసు తెరవడం, పాటల జాబితా తెచ్చుకోవడం అన్నీ స్ప్లాష్ తెరలో, అంటే యాప్ తెరవగానే వచ్చే మొదటి తెరలో, రాశారు. స్ప్లాష్ రాదు కాబట్టి ఏదీ జరగదు. ఆ పనులన్నిటినీ సర్వీసు కూడా స్వతంత్రంగా చేసుకోగల చోటికి మార్చాం, సమస్య పోయింది. మీరు కూడా ఈ పరీక్ష చేయండి: ఫోన్ సెట్టింగుల్లో యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేసి, ఫోన్‌లో దాన్ని ముట్టుకోకుండా, కారు స్క్రీన్ నుంచే తెరవండి. జాబితా వచ్చి, నొక్కిన కథ వినిపించాలి. ఇంతసేపూ 10 సెకన్ల లెక్క గుర్తుంచుకోండి. తెరుచుకోవడానికైనా, జాబితా రావడానికైనా, కథ మొదలవడానికైనా అంతకు మించి పట్టకూడదన్నది గూగుల్ నియమం.

బొమ్మల విషయం. ముఖచిత్రాలకు ఇంటర్నెట్ చిరునామా నేరుగా ఇస్తే కారు జాబితాలో ఖాళీ చదరాలు కనిపించే ప్రమాదం ఉంది. ఫోన్‌లోనే ఉన్న కంటెంట్ చిరునామా ఇవ్వాలి. అంటే ఒక కంటెంట్ ప్రొవైడర్ రాసి, అడిగినప్పుడు బొమ్మ దింపి, దాచి, అందించాలి.

శీర్షికల గురించి తెలుగు యాప్‌లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. ‘జానపద కథలు – రెండో సంపుటి – 12వ భాగం’ అని రాసి ఉందనుకోండి. చిన్న స్క్రీన్ మీద ‘జానపద కథలు – రెం...’ దగ్గర తెగిపోతుంది. 12వ భాగం, 13వ భాగం, 14వ భాగం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. డ్రైవరు ఏది నొక్కాలో తెలియక స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోతాడు. ఇది అందచందాల సమస్య కాదు, ప్రమాదం. కారుకు ఇచ్చే శీర్షికలో తేడా తెలిపే ముక్క ముందు రావాలి: ‘12. మర్రిచెట్టు’ అని పైన, ‘జానపద కథలు, రెండో సంపుటి’ అని ఉపశీర్షికలో. మన అక్షరాలు అడ్డంగా ఎక్కువ చోటు తీసుకుంటాయి, కింద వత్తులు కూడా ఉంటాయి. అందుకే ఇంగ్లీషు యాప్‌ను చూసి పొడవు అంచనా వేసుకోకండి. ముఖచిత్రం మీద రాసిన అక్షరాలు కారులో చదవలేరు, వాటి మీద ఆధారపడకండి.

మీవి మాటల ఆడియోలు, పాటలు కావు. ప్లేయర్‌కు ఆ సంగతి చెప్పండి. ఆడియో రకం ‘స్పీచ్’ అని పెడితే, మ్యాప్ దారి చెప్పేటప్పుడు కథ సన్నగా వినిపిస్తూ ముందుకు పోవడం కాకుండా ఆగి, తర్వాత అందుకునేలా చేయవచ్చు. పాటలో రెండు ముక్కలు వినిపించకపోయినా నష్టం లేదు. కథలో పాత్ర చెప్పిన ఒక వాక్యం పోతే మళ్లీ వెనక్కి వెళ్లాలి. అలా వెళ్లడానికి కూడా ‘తర్వాతి పాట’, ‘వెనకటి పాట’ బొత్తాల బదులు 15 సెకన్లు వెనక్కి, 30 సెకన్లు ముందుకు బొత్తాలు పెట్టండి. రెండు వ్యవస్థల్లోనూ ఆ వీలుంది.

గొంతుతో అడగడం. డ్రైవరు ఫలానా కథ పెట్టమని ఫోన్‌లోని వాయిస్ అసిస్టెంట్‌తో చెబితే ఆ మాట మీకు అక్షరాలుగా వస్తుంది. అసిస్టెంట్ ఏ భాషలో పెట్టుకున్నారన్నదాన్ని బట్టి తెలుగు లిపిలో రావచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రావచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలకు ఒకే స్పెల్లింగ్ ఉండదు. దీర్ఘాలు పోతాయి, ఒత్తు అక్షరాలు పోతాయి, ట-త తేడా పోతుంది. కాబట్టి ప్రతి శీర్షికకూ, రచయిత పేరుకూ, చదివినవారి పేరుకూ తెలుగు రూపంతో పాటు సరళం చేసిన ఇంగ్లీషు అక్షరాల రూపం కూడా సూచికలో పెట్టి, దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోండి. ఏమీ దొరకకపోతే మౌనంగా ఉండకుండా ఏదో ఒక కథ మొదలుపెట్టడమో, స్పష్టమైన సందేశం చూపడమో చేయాలి. ఖాళీ ప్రశ్న వచ్చినా, అంటే యాప్ పేరు మాత్రం చెప్పి ఆడించమన్నా, ఏదో ఒకటి వినిపించాలి. పరీక్షకులు దీన్ని తప్పక చూస్తారు.

సిగ్నల్ సంగతి కూడా ముందే ఆలోచించండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో నల్లమల అడవి మొదలయ్యాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. కథ మధ్యలో స్క్రీన్ మీద లోడింగ్ చక్రం తిరుగుతూ కూర్చుంటే డ్రైవరు ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. అదే మనం ఆపాల్సిన పని. నడుస్తున్న కథ మొత్తాన్నీ, వీలైతే తర్వాతి భాగాన్ని కూడా, ముందే దింపి పెట్టుకోండి.

పరీక్షించడానికి కారు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఎస్‌డీకే మేనేజర్ నుంచి డెస్క్‌టాప్ హెడ్ యూనిట్ (హెడ్ యూనిట్ అంటే కారు స్క్రీన్) అనే ప్రోగ్రామును దించుకోండి. ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగుల్లోకి వెళ్లి, వెర్షన్ వరుస మీద వరుసగా 10 సార్లు నొక్కితే డెవలపర్ మోడ్ తెరుచుకుంటుంది. అక్కడ ‘అన్‌నోన్ సోర్సెస్’ ఆన్ చేయకపోతే స్టోర్ నుంచి రాని మీ పరీక్ష యాప్ కనిపించనే కనిపించదు. మెనూలో హెడ్ యూనిట్ సర్వర్ మొదలుపెట్టి, కంప్యూటర్‌లో ఏడీబీ (ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపే డెవలపర్ సాధనం)తో 5277 పోర్టును కలిపితే, కారు స్క్రీన్ మీ కంప్యూటర్‌లో ప్రత్యక్షమవుతుంది. ఆ తర్వాత ప్లే కన్సోల్‌లో ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్‌లో (కొద్దిమంది పరీక్షకులకే యాప్ అందే దారి) పెట్టి, కనీసం రెండు రకాల నిజమైన కార్లలో చూడండి. స్నేహితుల కార్లు చాలు. పార్కింగ్‌లో ఆపి చూడండి, తర్వాత మీరు పక్క సీట్లో కూర్చుని ఇంకొకరు నడుపుతుండగా చూడండి. బండి కదిలాక జాబితాలు కురచ అవుతాయి, కీబోర్డు పోతుంది. ఆ తేడా బల్ల దగ్గర కూర్చుంటే అనుభవంలోకి రాదు.

ఇప్పుడు పంపడం. ప్లే కన్సోల్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఫారమ్ ఫ్యాక్టర్స్ అనే చోట ఆండ్రాయిడ్ ఆటోను చేర్చి, నిబంధనలకు ఒప్పుకోవాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి, వెనక నడిచే సర్వీసు ఏ రకమో మ్యానిఫెస్ట్‌లో చెప్పాలి. మీది మీడియా ప్లేబ్యాక్. దాని గురించి కన్సోల్‌లో కూడా ప్రకటన నింపాలి.

మన దేశపు యాప్‌లు ఎక్కువగా ఆగిపోయే చోటు లాగిన్. ఒక వార్తల ఆడియో యాప్ వరుసగా తిరస్కరణకు గురవుతుంటే చూడమన్నారు. కోడ్‌లో ఏ లోపమూ లేదు. మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీ తప్ప వేరే లాగిన్ దారి లేదు. పరీక్షించే మనిషి దగ్గర మన దేశపు సిమ్ ఎందుకు ఉంటుంది? లోపలికి వెళ్లలేకపోయారు, తిప్పి పంపారు. ఒక పరీక్ష నంబరుకు ఎప్పుడూ మారని ఓటీపీ ఏర్పాటు చేసి, కన్సోల్‌లోని ‘యాప్ యాక్సెస్’ భాగంలో వివరంగా రాయించాం, ఆమోదం వచ్చింది. చందా కట్టినవారికే తెరిచే కథలుంటే ఆ పరీక్ష ఖాతాకు చందా కూడా ఉండాలి. లాగిన్ కాని శ్రోత కారులో తెరిస్తే, ‘బండి ఆపి ఫోన్‌లో లాగిన్ అవ్వండి’ అని తేటగా చెప్పే సందేశం పెట్టండి. అంతకంటే మంచిది, కొన్ని ఉచిత కథలు లాగిన్ లేకుండానే వినిపించడం.

ఇంకో మాట. ఫోన్‌కూ ఆండ్రాయిడ్ ఆటోకూ వెళ్లేది ఒకే బండిల్ (స్టోర్‌కు పంపే యాప్ ఫైలు). కారు భాగంలో లోపం పట్టుకుంటే ఆ అప్‌డేట్ మొత్తం ఆగిపోవచ్చు. చెల్లింపుల్లో పొరపాటు సరిదిద్దే అత్యవసర అప్‌డేట్‌తో కలిపి కారు భాగాన్ని మొదటిసారి పంపకండి. తీరిక ఉన్న వారంలో, అదొక్కటే పంపండి.

కార్‌ప్లే పని తక్కువే కానీ క్రమం ముఖ్యం. ఆపిల్ డెవలపర్ సైట్‌లో కార్‌ప్లే ఆడియో ఎన్‌టైటిల్‌మెంట్ కోసం దరఖాస్తు పెట్టి, యాప్ ఏం చేస్తుందో, కారులో ఎందుకు అవసరమో నాలుగు నిజమైన వాక్యాలు రాయండి. మంజూరయ్యాక యాప్ ఐడీకి దాన్ని జోడించి, ప్రొవిజనింగ్ ప్రొఫైల్ (యాప్‌కు ఉన్న అనుమతులు తెలిపే ఆపిల్ ఫైలు) మళ్లీ తయారు చేసుకోవాలి. ఇది మరచిపోయి ‘అనుమతి వచ్చినా బొమ్మ రావడం లేదు’ అనేవారు చాలామంది. తెరలకు ఆపిల్ ఇచ్చే టెంప్లేట్లే వాడాలి: ట్యాబ్ బార్, జాబితా, గ్రిడ్, ఇప్పుడు వినిపిస్తున్నది. ఆడియో యాప్‌లో 5 మెట్లకు మించి లోతుకు వెళ్లకూడదు. కొన్ని కార్లు బండి కదిలాక జాబితాను 12 వరుసలకు కుదిస్తాయి, కాబట్టి ముఖ్యమైనవి పైన ఉండాలి.

కార్‌ప్లేలో అందరూ తప్పక చూసుకోవాల్సింది లాక్ పడిన ఫోన్. కారులో ఐఫోన్ జేబులోనో కప్ హోల్డర్‌లోనో లాక్ పడి ఉంటుంది. లాక్ ఉన్నప్పుడు పూర్తి రక్షణలో పెట్టిన ఫైళ్లూ, ‘అన్‌లాక్ అయినప్పుడే’ అని పెట్టిన కీచెయిన్ (ఐఫోన్‌లో రహస్య వివరాలు దాచే చోటు) వివరాలూ చదవడం కుదరదు. దింపి పెట్టిన కథలూ లాగిన్ టోకెనూ అలాంటి చోట ఉంటే, సిమ్యులేటర్‌లో ఆడిన యాప్ కారులో మూగబోతుంది. మొదటిసారి అన్‌లాక్ చేసిన తర్వాత ఎప్పుడైనా చదవగలిగే స్థాయికి వాటిని మార్చండి. ఫోన్ లాక్ చేసే పరీక్షించండి.

ఏది ముందు చేయాలంటారా? మీ శ్రోతలు ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణల్లో ఉంటే ఆండ్రాయిడ్ ఆటో. అమెరికాలోని తెలుగువారు ఎక్కువైతే కార్‌ప్లే ముందు చేయమంటాను, అక్కడ ఐఫోన్ వాడకం ఎక్కువ. మీ గణాంకాలే దీనికి జవాబు చెబుతాయి. ఆండ్రాయిడ్ ఆటోమోటివ్‌ను మూడోదిగా పెట్టుకోండి. దానికి ప్లే కన్సోల్‌లో ప్రత్యేకమైన ట్రాక్ ఉంటుంది, లాగిన్ కూడా కారు స్క్రీన్ మీదే జరగాలి. ఇప్పుడు రాసే మీడియా సర్వీసును విడి మాడ్యూల్‌గా రాసుకుంటే అప్పుడు అదే మళ్లీ పనికొస్తుంది. జనరల్ మోటార్స్ తన రాబోయే విద్యుత్ కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలను తీసేస్తున్నట్టు 2023లో ప్రకటించింది. అందువల్ల అమెరికా శ్రోతలున్న యాప్‌కు ఈ మూడోది మెల్లగా అవసరమయ్యేదే.

వీడియోల విషయం. ఆండ్రాయిడ్ ఆటోమోటివ్‌లో వీడియో యాప్‌లకు చోటుంది, అదీ బండి ఆగి ఉన్నప్పుడే. కదలగానే తెర మూసుకుపోవాలి. మీ వీడియోలు కథ చెబుతున్న మనిషి ముఖమే చూపేవైతే, వాటి ఆడియోను విడదీసి మామూలు కథలుగా జాబితాలో చేర్చండి. శ్రోతకు కావలసింది దొరుకుతుంది, మీకు కొత్త పరీక్షలేవీ ఉండవు.

మీ యాప్ జావా, కోట్లిన్‌లలో రాసిందా, ఫ్లట్టరా, ప్లేయర్‌కు ఏ లైబ్రరీ వాడారు, లాగిన్ ఎలా జరుగుతుంది అన్న మూడు వివరాలు కింద రాయండి. వాటిని బట్టి సర్వీసు ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.